గాలి కూడా పదార్థమేనని పిల్లలకు తెలిసేదెలా? ఘన, ద్రవ, వాయు స్థితుల బోధనపై చర్చ

పల్లెబడి టీచర్:

అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాలలో ఐదు, ఆరు తరగతుల పిల్లలకు సైన్స్ చెబుతున్నాను. ఘన, ద్రవ, వాయు స్థితుల పాఠం పూర్తయ్యాక పిల్లలందరూ నిర్వచనాలను తడుముకోకుండా అప్పజెప్పారు. ఘనపదార్థానికి నిర్దిష్టమైన ఆకారం, ఘనపరిమాణం ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం ఉంటుంది గాని ఆకారం పాత్రను బట్టి మారుతుంది. వాయువుకు ఆ రెండూ ఉండవు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత బల్ల మీద చక్కెర, ఇడ్లీ పిండి, స్పాంజి, పేరుకున్న నెయ్యి, టూత్‌పేస్టు పెట్టి ఏది ఏ స్థితిలో ఉందో రాయమన్నాను. చాలా మంది చక్కెరను ద్రవమన్నారు. డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారం వస్తోంది కదా అన్నది వారి వాదన. చదివిన నిర్వచనం ప్రకారం చూస్తే ఆ వాదన సరిగానే ఉంది. స్పాంజి నొక్కితే అణుగుతోంది కాబట్టి అది ఘనం కాదన్నారు. మూత పెట్టిన ఖాళీ సీసాను చూపించి లోపల ఏముందని అడిగితే, ఏమీ లేదని తరగతి అంతా ఒక్క గొంతుతో చెప్పింది.

నాకు రెండు విషయాల్లో సలహా కావాలి. ప్రయోగశాల లేని బడిలో ఈ పాఠాన్ని చేతులతో చేయించి నేర్పడానికి నిజంగా పనికొచ్చే ప్రయోగాలు ఏవి? ఈ వయసు పిల్లలకు పదార్థం కణాలతో తయారైందని ఇప్పుడే చెప్పాలా, పై తరగతులకు వదిలేయాలా?

విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఖాళీ సీసా. గాలి ఒక వస్తువని, దానికి చోటు కావాలని, బరువు ఉంటుందని పిల్లవాడికి గట్టిగా తెలియనంత వరకు మూడో స్థితి అన్నది వాడికి పుస్తకంలోని ఒక పదం మాత్రమే. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలా కాలం భౌతికశాస్త్రం చెప్పాను. వాయు సమీకరణాలను చక్కగా సాధించే పిల్లల్లో కూడా గాలి అంటే శూన్యానికి మరో పేరు అన్న భావం మిగిలిపోయి ఉండటం చూశాను. అందుకే ఘనంతో మొదలుపెట్టి వాయువుతో ముగించే పాఠ్యపుస్తకపు వరుసను తిరగేయండి. ముందు వాయువు చెప్పండి.

మొదటిది అందరికీ తెలిసిన ప్రయోగమే. గాజు గ్లాసు అడుగున కాగితం ఉండ గట్టిగా ఇరికించి, గ్లాసును బోర్లించి నిటారుగా నీళ్ల బకెట్లో ముంచండి. పైకి తీస్తే కాగితం పొడిగా ఉంటుంది. అక్కడితో ఆపకుండా గ్లాసును నీటిలోనే కాస్త వంచి చూపండి. బుడగలు పైకి వస్తాయి, కాగితం తడుస్తుంది. బయటికి వెళ్లినదేదో చూశాకే, అంతవరకు నీటికి అడ్డుపడింది ఏమిటో పిల్లలకు తెలుస్తుంది.

రెండోది సిరంజి. మందుల దుకాణంలో సూది లేకుండా పది మిల్లీలీటర్ల సిరంజిలు అడిగితే ఇస్తారు. ముగ్గురికొకటి చొప్పున ఇవ్వండి. పిస్టన్‌ను పది గీత వరకు లాగి, ముందు రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, రెండో చేత్తో నొక్కమనండి. సగానికి దగ్గరగా దిగుతుంది, వదిలితే వెనక్కి తన్నుతుంది. ఇప్పుడు అదే సిరంజిని నీటితో నింపి, మూతి పైకి పట్టుకుని గాలి బుడగ పూర్తిగా పోయేదాకా కొద్దిగా నొక్కి, మళ్లీ వేలితో మూసి నొక్కమనండి. పిల్లవాడు తన బలమంతా పెట్టినా పిస్టన్ కదలదు. ఒక్క చిన్న బుడగ మిగిలినా ఫలితం మారిపోతుంది కాబట్టి ఆ బుడగను వదిలించే పని మీరే దగ్గరుండి చేయించాలి. ద్రవానికి ఘనపరిమాణం మారదన్న వాక్యానికి అర్థం ఆ బొటనవేలి కింద తెలుస్తుంది.

గుంటూరు తండ్రి:

గాలికి బరువుందని చూపడానికి మా చిన్నప్పుడు మాస్టారు ఒక వెదురు పుల్లకు రెండు వైపులా ఊదిన బెలూన్లు కట్టి, మధ్యలో దారంతో వేలాడదీసి, ఒక బెలూన్‌ను సూదితో పొడిచి చూపించారు. రెండో వైపు కిందికి వాలింది. మా అమ్మాయికి ఇంట్లో అదే చేసి చూపించాలనుకుంటున్నాను. ఇది సరైన ప్రయోగమేనా?

విశ్రాంత అధ్యాపకుడు:

అది ప్రసిద్ధమైన ప్రయోగమే గాని అందులో ఒక మెలిక ఉంది. బెలూన్ చుట్టూ కూడా గాలే ఉంది కదా. ఊదిన బెలూన్ తన ఘనపరిమాణమంత గాలిని పక్కకు నెడుతుంది కాబట్టి ఆ మేరకు చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి నెడుతుంది. లోపలి గాలి బరువులో దాదాపు అంతా ఈ ఉత్ప్లవన బలంతో చెల్లిపోతుంది. రబ్బరు బిగువు వల్ల లోపలి గాలి బయటి గాలి కంటే కొద్దిగా ఒత్తుకుని ఉంటుంది, మనకు కనిపించేది ఆ కొద్దిపాటి తేడా మాత్రమే, గ్రాములో చిన్న భాగం. పైగా పగిలినప్పుడు రబ్బరు ముక్క ఎగిరిపోతే త్రాసు వాలింది గాలి వల్లనో రబ్బరు వల్లనో చెప్పలేం.

ఫుట్‌బాల్ తీసుకోండి. గుండ్రంగా నిలబడేటంత గాలి మాత్రం ఉంచి, వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద తూచి అంకె రాయించండి. తర్వాత పంపుతో గట్టిగా గాలి కొట్టి మళ్లీ తూచండి. బంతి పరిమాణం దాదాపు మారలేదు కాబట్టి ఉత్ప్లవనం రెండుసార్లూ ఒకటే, పెరిగిన బరువంతా మీరు కొట్టిన గాలిదే. పెద్దల ఫుట్‌బాల్ లోపల సుమారు ఐదున్నర లీటర్ల చోటు ఉంటుంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. గట్టిగా కొడితే నాలుగైదు గ్రాములు పెరగాలి, ఒక గ్రాము తేడా చూపే త్రాసు చాలు. ఆ తర్వాత గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిపించి లెక్క వేయించండి. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదిలోని గాలి సుమారు 130 కిలోలు తూగుతుంది, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదింటికి మించిన బరువు. ఆ అంకె తమ చేతులతో కొలిచిన కొలతల నుంచి వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

గోదావరి గట్టు:

నేనూ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినినే. చక్కెర ప్రశ్నకు నా పద్ధతి చెబుతాను. ఒక పళ్లెంలో చక్కెర, మరో పళ్లెంలో నీళ్లు, రెండూ నెమ్మదిగా ఒకే చోట పోయమంటాను. నీళ్లు సమంగా పరుచుకుంటాయి. చక్కెర మధ్యలో గుట్టగా నిలుస్తుంది. కళ్లంలో ధాన్యం రాశి చూసిన పిల్లలకు ఇది కొత్త విషయం కాదు, ఆ రాశిని పాఠంతో కలపడమే మన పని. తర్వాత భూతద్దం ఇచ్చి ఒక్క పలుకును చూడమంటాను. పలుకుకు అంచులున్నాయి, మూలలున్నాయి. దాన్ని డబ్బాలో వేసినా గిన్నెలో వేసినా ఆ మూలలు అలాగే ఉంటాయి. ఆకారం మారింది పలుకులు పేరుకున్న తీరుకే గాని పలుకుకు కాదని పిల్లలు తామే చెబుతారు. ఇసుక, ఉప్పు, బియ్యపు పిండి అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

స్పాంజిని నీటి అడుగున పట్టుకుని పిండించండి. బుడగలు వస్తాయి. నొక్కుకుపోయింది స్పాంజి గదుల్లోని గాలి అని తెలుస్తుంది.

ఇడ్లీ పిండి, టూత్‌పేస్టు విషయంలో మాత్రం ఒక మాట. అవి నీటిలో సన్నని ఘన రేణువులు కలిసిన మిశ్రమాలు. ఇడ్లీ పిండి పులిసినప్పుడు లోపల వాయువు బుడగలు కూడా చేరి పొంగుతుంది, అంటే ఒక్క గిన్నెలో మూడు స్థితులూ ఉన్నాయి. వాటిని ఏదో ఒక గడిలో పెట్టమని పిల్లలను బలవంతపెట్టకూడదు. మూడు స్థితుల పట్టికతో పాటు "కలిసి ఉన్నవి" అని నాలుగో గడి గీయండి. వర్క్‌బుక్కుల్లో పాలు, రక్తం, పొగ వంటివి తెచ్చి ఒక్క గడిలో కూర్చోబెట్టడం వల్లనే సగం గందరగోళం పుడుతోందని నా గట్టి నమ్మకం. సాంబ్రాణి పొగను వాయువుగా రాసిన పుస్తకాలు ఉన్నాయి. కంటికి కనిపించే ఆ పొగ గాలిలో తేలే అతి సన్నని రేణువులు, నలుసులే.

మినెసోటా అమ్మ:

మా అబ్బాయి ఇక్కడ నాలుగో తరగతి చదువుతున్నాడు. వీరి బడిలో మొక్కజొన్న పిండి, నీళ్లు కలిపి ముద్ద చేయించారు. మెల్లగా వేలు పెడితే దిగుతుంది, గుద్దితే రాయిలా గట్టిపడుతుంది. ఇది ఘనమా ద్రవమా అని ఇంటికొచ్చి అడిగాడు. మరో ప్రశ్న కూడా వేశాడు. గాజు చాలా చిక్కని ద్రవమని, పాత చర్చిల కిటికీ అద్దాలు కిందికి జారి అడుగున మందంగా మారాయని ఎవరో చెప్పారట. నిజమేనా?

ఇక్కడి చలికాలంలో నేను గమనించినది ఒకటి చెబుతాను. గడ్డకట్టే చలిలో తడి బట్టలు బయట ఆరేస్తే కాసేపటికి అట్టల్లా బిగుసుకుంటాయి. ఎండ ఉండి గాలి పొడిగా వీస్తే, చుక్క నీరు కారకుండానే అవి నెమ్మదిగా ఆరిపోతాయి. మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరి కావడాన్ని మా అబ్బాయికి వాడి స్వెట్టరు మీదనే చూపించాను.

విశ్రాంత అధ్యాపకుడు:

మొక్కజొన్న పిండి ముద్ద ఇంతకుముందు టీచర్ గారు చెప్పిన "కలిసి ఉన్నవి" గడిలోది. నీటిలో పిండి రేణువులు కిక్కిరిసి ఉన్నాయి. మెల్లగా కదిపితే నీరు మధ్యలో ఉండి అవి ఒకదాన్నొకటి దాటుకుపోతాయి, ఒక్కసారిగా గుద్దితే తప్పుకునే వ్యవధి లేక ఒకదానికొకటి బిగుసుకుంటాయి. పిల్లలకు సరదాగా ఉంటుంది గాని మూడు స్థితులు మొదటిసారి చెప్పేటప్పుడు దీన్ని తేకపోవడం మంచిది.

గాజు సంగతి అపోహ. గాజులో కణాలు స్ఫటికంలో లాగా వరుసలుగా లేకపోయినా గది ఉష్ణోగ్రత వద్ద అది గట్టి ఘనపదార్థమే. ఆ కాలంలో గాజు పలకలను తయారుచేసిన పద్ధతి వల్ల వాటి మందం సమంగా వచ్చేది కాదు. అద్దాలు జారిపోవడం వల్ల వచ్చిన తేడా కాదది.

చూడటానికి ఘనంలా ఉండి నిజంగా ప్రవహించేది చూపించాలంటే తారు ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు తారు జాతికి చెందిన పిచ్‌ను వేడిచేసి గరాటులో పోసి, అది కుదురుకున్నాక 1930లో గరాటు కింది మూతిని తెరిచారు. సుత్తితో కొడితే పెంకులుగా పగిలే పదార్థం అది. 2014 నాటికి అందులోంచి రాలినవి తొమ్మిది చుక్కలు. మీ అబ్బాయి లాంటి కుతూహలం ఉన్న పిల్లలకు ఇది తప్పక చెప్పండి. ఒక పదార్థం ప్రవహిస్తోందా లేదా అన్నది మనం ఎంతసేపు చూస్తున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుందన్న ఆలోచన పదేళ్ల వయసులోనే కలగడం చాలా మంచిది.

హోమ్ సైన్స్ లెక్చరర్:

ఇంత చర్చలో పేరుకున్న నెయ్యిని ఎవరూ పట్టించుకోలేదు. మన ఇళ్లలో స్థితి మార్పును నేర్పడానికి నెయ్యిని, కొబ్బరి నూనెను మించిన వస్తువులు లేవు. కొబ్బరి నూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మన ఊళ్లలో ఎండాకాలమంతా ద్రవంగా ఉండి, పుష్యమాసపు తెల్లవారుజామున సీసాలో గడ్డకడుతుంది. ఘనమా ద్రవమా అన్నది ఆ వస్తువుకు పుట్టుకతో వచ్చిన ముద్ర కాదు, అప్పటి ఉష్ణోగ్రతను బట్టి అది ఉన్న స్థితి మాత్రమేనని పిల్లలు గ్రహించడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. "కొబ్బరి నూనె ఘనమా, ద్రవమా?" అని అడిగితే "ఏ నెలలో?" అని ఎదురు ప్రశ్న వేసిన పిల్లకు నేనైతే పూర్తి మార్కులు ఇస్తాను.

ఇందులో ఇంకో విశేషం ఉంది. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి మంచు ముక్క వేయండి, మరో గ్లాసులో గోరువెచ్చగా కరిగించిన నెయ్యి పోసి ఫ్రిజ్‌లో గట్టిపరచిన నెయ్యి ముక్క వేయండి. మంచు తేలుతుంది, నెయ్యి ముక్క మునుగుతుంది. ఏది ముందు చేయాలన్నది మీ ఇష్టం గాని, వేయబోయే ముందు మాత్రం ఏం జరుగుతుందో ప్రతి ఒక్కరి చేతా నోటుపుస్తకంలో రాయించండి. చాలా మంది పిల్లలు, పెద్దలు కూడా, నెయ్యి ముక్క తేలుతుందనే రాస్తారు. ఎక్కువ పదార్థాలు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతాయి, అందుకే పేరుకున్న నెయ్యి డబ్బాలో పైభాగం నడుమ గుంటపడి కనిపిస్తుంది. నీరు అందుకు భిన్నంగా గడ్డకట్టేటప్పుడు సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. నిండుగా నీళ్లు పోసిన సీసాను ఫ్రీజర్‌లో పెడితే పగలడానికి కారణం ఇదే. ప్రయోగం పేరుతో గాజు సీసాతో ఎవరూ అలా చేయకండి, ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు నీళ్లు పోసి గీత గీసి పెడితే చాలు.

సాగరతీరం:

ఆవిరి గురించి ఒక మాట చెప్పాలి. పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే పైకి లేచే తెల్లటి పొగమంచును మనమందరం ఆవిరి అని చూపిస్తాం. నీటి ఆవిరి కంటికి కనిపించదు. కెటిల్ మూతి దగ్గర జాగ్రత్తగా చూస్తే మూతికి, తెల్లటి ధారకు మధ్య ఒక అంగుళం మేర ఏమీ లేనట్టు ఉండే చోటు కనిపిస్తుంది. ఆవిరి ఉన్నది అక్కడ. ఆ తర్వాత కనిపించే తెలుపంతా చల్లబడి మళ్లీ ద్రవంగా మారిన సన్నని నీటి తుంపర. మేఘమూ అంతే. ఇది పెద్దవాళ్లే చేయాల్సిన ప్రయోగం, పిల్లలు బారెడు దూరంలో ఉండాలి. నూరు డిగ్రీల నీటి కంటే నూరు డిగ్రీల ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు సుమారు 540 కెలోరీల వేడిని వదులుతుంది.

మరిగే నీటిలోని బుడగల్లో ఏముందని పిల్లలను తప్పక అడగండి. న్యూజిలాండ్‌లో ఆస్‌బోర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు 1983లో ప్రచురించిన అధ్యయనంలో ఎనిమిది నుంచి పదిహేడేళ్ల పిల్లలను ఇదే అడిగారు. గాలి అని, వేడి అని చెప్పినవారున్నారు, పెద్ద తరగతుల వారిలో హైడ్రోజన్, ఆక్సిజన్ అని చెప్పినవారు కూడా ఉన్నారు. ఎక్కువ చదివినకొద్దీ తప్పు జవాబు మరింత శాస్త్రీయంగా వినిపిస్తుందన్నమాట. బుడగలో ఉన్నది నీరే, వాయు స్థితిలో ఉన్న నీరు. నీరు మరిగితే విడిపోదు, నీరుగానే ఉండి స్థితి మారుతుంది.

చల్లటి గ్లాసు బయట చేరే చెమ్మను కూడా వదలకండి. లోపలి నీరే బయటికి ఊరిందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. స్టీలు గ్లాసులో ఎర్రటి షర్బత్, మంచు ముక్కలు వేసి, బయటి చుక్కలను తెల్ల కాగితంతో అద్దండి. కాగితానికి రంగు అంటదు. నమ్మని పిల్లల కోసం గ్లాసును త్రాసు మీదే ఉంచండి. లోపలిది బయటికి వస్తే బరువు మారకూడదు, కాని అంకె నెమ్మదిగా పెరుగుతుంది. మాది విశాఖ వైపు కాబట్టి చెమ్మ ఇట్టే పడుతుంది. కర్నూలు, అనంతపురం వైపు వేసవి పొడిగాలిలో అంతగా పట్టదు. ఇదే కారణంతో మట్టికుండ నీళ్లు అక్కడ చల్లగా ఉన్నంతగా మా తీరంలో ఉండవు. కుండ గోడల నుంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోవాలంటే చుట్టూ ఉన్న గాలి పొడిగా ఉండాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులు చూపించగలిగితే ఇంకా మంచిది. ఏ పొయ్యీ లేకుండా, మరగకుండా, ఎండకూ గాలికీ సముద్రపు నీరు వెళ్లిపోయి ఉప్పు మిగిలిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు.

పల్లెబడి టీచర్:

అందరికీ ధన్యవాదాలు. సిరంజిలు ఈ వారమే తెప్పిస్తున్నాను. నా రెండో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. కణాల గురించి చెప్పాలా, వద్దా? అలాగే ఉత్పతనానికి, అంటే ఘనం ద్రవం కాకుండా నేరుగా వాయువు కావడాన్ని చూపడానికి, కర్పూరం, కలరా ఉండలు వాడమని కొందరు అంటున్నారు. చిన్న పిల్లల దగ్గర అవి వాడవచ్చా?

గోదావరి గట్టు:

ఐదో తరగతిలో కణాలు వద్దన్నది నా అభిప్రాయం. ఆ వయసు పిల్లల్లో కొందరికి పొడవాటి గ్లాసులోకి వంచిన నీళ్లు ఎక్కువయ్యాయనే అనిపిస్తుంది. పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే చూపించిన సంగతి అది. ఎక్కువ మంది ఏడెనిమిదేళ్లకే ఆ దశ దాటినా, కంటికి కనిపించని కణాలను ఊహించమనడం మరో మెట్టు. బొమ్మ గీసి చూపిస్తే దాన్నీ నిర్వచనంలాగే కంఠస్థం చేస్తారు. చూసినదాన్ని సొంత మాటల్లో చెప్పడం ముందు రావాలి.

హైస్కూల్ ఫిజిక్స్ టీచర్:

మేడమ్ గారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే కొంత విభేదిస్తున్నాను. కంఠస్థం చేయించే కణాలు వద్దు, ఆ మాటతో ఏకీభవిస్తాను. కాని సిరంజిలో గాలి ఎందుకు అణిగింది, నీరు ఎందుకు అణగలేదు అని పిల్లవాడే అడిగినప్పుడు మన దగ్గరున్న నిజాయితీ గల జవాబు కణాలొక్కటే. ఆ ప్రశ్న వచ్చాక బొమ్మను మనం గీయకుండా పిల్లల చేతనే గీయించండి. అంత చిన్నవి కనిపించే కళ్లద్దాలు నీకుంటే సిరంజిలో ఏం కనిపిస్తుందో నొక్కకముందు ఒకటి, నొక్కాక ఒకటి గీయమంటే చాలు. కొందరు గాలిని రంగులా నిండుగా పూస్తారు, కొందరు చుక్కలు పెడతారు. ఎవరి బొమ్మ ప్రకారం గాలి అణగడం కుదురుతుందో తరగతే వాదించుకుంటుంది. ఈ పని ఆరో తరగతిలో నిరభ్యంతరంగా చేయవచ్చు.

తొమ్మిదో తరగతిలో నాకు వచ్చే పిల్లల బొమ్మల్లో పదే పదే కనిపించే తప్పు ఒకటుంది, అది కింది తరగతుల చార్టుల నుంచే వస్తోంది. ఘనంలో కణాలు ఆనుకుని, ద్రవంలో కాస్త ఎడంగా, వాయువులో మరికాస్త ఎడంగా, మూడూ సమాన మెట్లుగా గీస్తారు. నిజానికి ద్రవంలోనూ కణాలు దాదాపు ఆనుకునే ఉంటాయి, తేడా అంతా అవి చోటు మారగలగడంలో ఉంది. అసలు దూరం వాయువుతోనే వస్తుంది. ఒక మిల్లీలీటరు నీరు నూరు డిగ్రీల వద్ద ఆవిరైతే సుమారు 1,700 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది, అంటే కణానికీ కణానికీ మధ్య దూరం ప్రతి దిశలోనూ దాదాపు పన్నెండు రెట్లు పెరగాలి. నోటుపుస్తకం పేజీలో ద్రవానికి గీసిన చుక్కలంత దగ్గరగా వాయువు చుక్కలు గీస్తే అది తప్పు బొమ్మ. ఆ చుక్కల మధ్య ఏముందని అడిగితే చాలా మంది "గాలి" అంటారు. గాలి కణాల మధ్య గాలి ఎలా ఉంటుందని తిరిగి అడిగి కాసేపు ఆలోచించనివ్వండి. కరిగేటప్పుడు కణాలే కరుగుతాయని, వేడికి కణాలే ఉబ్బుతాయని అనుకోవడం మరో పొరపాటు. మంచులోని నీటి కణమూ, ఆవిరిలోని నీటి కణమూ ఒకటే. మారింది వాటి కదలిక, వాటి మధ్య దూరం.

కర్పూరం విషయానికి వస్తే, కలరా ఉండలు పిల్లల చేతికి ఇవ్వకండి. నాఫ్తలీన్ విషపూరితం, ఆ వాసన ఎక్కువగా పీల్చడమూ మంచిది కాదు. కర్పూరం కూడా మింగితే ప్రమాదమే కాబట్టి మీరే పట్టుకుని చేయండి. పింగాణీ గిన్నెలో వేడిచేసి పైన గరాటు బోర్లించే పద్ధతి హైస్కూల్లో సరిపోతుంది. మీ పిల్లలకు మంట అక్కరలేదు. రెండు కర్పూరం బిళ్లలను పారదర్శకమైన సీసాలో వేసి మూత బిగించి, ఒక వైపు ఎండ తగిలేలా కిటికీలో ఉంచండి. రోజులు గడిచేకొద్దీ బిళ్లలు చిక్కిపోతాయి, సీసా గోడకు చల్లటి వైపున మెరిసే పలుకులు కట్టుకుంటాయి. మధ్యలో ఎక్కడా చుక్క ద్రవం కనిపించదు. హారతి కర్పూరం మండటాన్ని మాత్రం ఉత్పతనానికి ఉదాహరణగా చెప్పకండి. అక్కడ కర్పూరం ఆవిరై ఊరుకోవడం లేదు, మంటలో కాలి వేరే పదార్థాలుగా మారుతోంది.

గుంటూరు తండ్రి:

ఫుట్‌బాల్ ప్రయోగం చేశాం. మా త్రాసు మీద నాలుగు గ్రాములు పెరిగింది. ఇప్పుడు అమ్మాయి వంటగ్యాసు సిలిండర్ దగ్గర ఆగింది. గ్యాసు అంటారు కదా, మరి కదిలిస్తే లోపల నీళ్లలా ఎందుకు తొణుకుతుందని అడుగుతోంది.

హైస్కూల్ ఫిజిక్స్ టీచర్:

చాలా మంచి ప్రశ్న. సిలిండర్‌లో ఉన్నది ఒత్తిడితో ద్రవంగా మార్చిన ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు. పైన మిగిలిన చోటులో మాత్రం వాయువు ఉంటుంది, రెగ్యులేటర్ తిప్పితే వచ్చేది అదే. అది తగ్గినకొద్దీ కింది ద్రవం మళ్లీ ఆవిరవుతుంది. ద్రవం వాయువైతే సుమారు 250 రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందుకే 14.2 కిలోల గ్యాసు అంత చిన్న సిలిండర్‌లో ఇమిడింది. పారదర్శకమైన ప్లాస్టిక్ లైటర్‌ను వెలిగించకుండా వంచి చూపిస్తే లోపల తొణికే ద్రవం కనిపిస్తుంది. దీనితో పాటు భద్రత కూడా నేర్పండి. ఈ వాయువు గాలి కంటే బరువు కాబట్టి లీకైతే నేల మీద పేరుకుంటుంది. గ్యాసు వాసన వస్తే స్విచ్చుల జోలికి పోకుండా తలుపులు, కిటికీలు తెరవాలని చెప్పేది ఇందుకే. ఆ వాసన కూడా గ్యాసుది కాదు, లీకును పసిగట్టడానికి కలిపిన పదార్థానిది.

గోదావరి గట్టు:

కణాల బొమ్మను పిల్లల చేతనే గీయించే పద్ధతి నాకు నచ్చింది. ఆరో తరగతిలో అయితే నా అభ్యంతరం లేదు. ఐదుకు మాత్రం నా మాట మీదే ఉంటాను.

ఇక పరీక్ష సంగతి. ఎంత బాగా ప్రయోగాలు చేయించినా ప్రశ్నపత్రంలో "ఘనపదార్థాల ధర్మాలు రాయుము" అని అడిగితే పిల్లలు మళ్లీ కంఠస్థానికే వెళతారు. యూనిట్ పరీక్షలో నేను ఇచ్చే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "ఇసుక గుట్టగా నిలుస్తుంది, నీరు నిలవదు. అయినా ఇసుకను గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారం వస్తుంది. ఇసుక ఏ స్థితిలో ఉందో కారణంతో రాయండి" అన్నది ఒకటి. "మూత గట్టిగా పెట్టిన సీసాలో కొద్దిగా నీరుంది. ఎండలో ఉంచితే నీరు తగ్గింది, సీసా బరువు మాత్రం మారలేదు. ఎందుకు?" అన్నది ఇంకొకటి. రెండో ప్రశ్నకు "నీరు ఆవిరైంది" అని రాసినవారికి సగం మార్కులు, ఆవిరి సీసాలోనే ఉంది కాబట్టి బరువు తగ్గలేదని రాసినవారికి పూర్తి మార్కులు. పల్లెబడి టీచర్ గారూ, మీరు కావాలంటే ఈ రెండింటినీ మీ తరగతికి తగ్గట్టు మార్చి వాడుకోండి.